మా గదిలో ఉన్న శత్రువు

బ్రిటిషు సామ్రాజ్యానికి ప్రమాదకరమైన ఒక మనిషితో నేను రెండేళ్లకు పైగా ఒకే గదిలో ఉన్నాను. ఆమె ప్రమాదకరమైనదని ప్రభుత్వం చెప్పేదాకా నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఆమె నిద్రలో పళ్లు కొరుకుతుందని, సజ్జరొట్టె పడదని, పడకపోయినా రెండు తింటుందని.

మార్కాపురం చివర ఒక మిషను వాళ్ల ఆడపిల్లల బడి ఉండేది. అక్కడే బోర్డింగు. గుంటూరులో ట్రైనింగు ముగించుకుని నేను ఆ బడిలో టీచరుగా చేరాను. మాది పొదిలి దగ్గర పల్లె. అమ్మా నాయనా ఇద్దరూ కూలికి పోయేవాళ్లు. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని పనిచేసిన మొదటి మనిషిని నేనే. నాయన నన్ను చూడటానికి వచ్చినప్పుడల్లా ముందు ఆ కుర్చీని చూసి, అది అక్కడే ఉందని నమ్మకం కుదిరాక నన్ను పలకరించేవాడు.

నేను చేరిన కొద్దినెలలకు జర్మనీ నుంచి ఆమె వచ్చింది. చిన్నపిల్లలకు ఆటలతో, పాటలతో చదువు చెప్పడం ఆమె విద్య. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. దొరసానులకు వేరే బంగళా ఉన్నా, తెలుగు తొందరగా రావాలంటే తెలుగువాళ్లతోనే ఉండాలని పట్టుబట్టి నా గదిలో మంచం వేయించుకుంది. పిల్లలు ఆమెను మిస్సమ్మ అనేవాళ్లు, నేనూ అదే అన్నాను.

ఆమెకు మద్రాసులో ఒక పండితుడు ఆరునెలలు తెలుగు నేర్పాడట. ఆ తెలుగు మాట్లాడే మనుషులు ఎప్పుడో కాలధర్మం చెందారన్న సంగతి మాత్రం చెప్పకుండా పంపించాడు. మొదటిరోజు మధ్యాహ్నం నన్ను చూసి, "సోదరీ, నీవు భుజించితివా?" అంది. వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. నెల తిరిగేసరికి వంటమనుషుల పుణ్యమా అని ఆ గ్రాంథికమంతా రాలిపోయింది. "తిన్నావా చెల్లే? ఏం కూర ఈ పొద్దు?" అని అడిగేది. గోంగూర అంటే పెద్దగా నిట్టూర్చేది.

ఆమెకు రెండు ఆశలు ఉండేవి. మొదటిది వాళ్ల ఊళ్లో భూగోళం చెప్పే పంతులు. ఇద్దరికీ నిశ్చితార్థం అయింది. రెండేళ్లలో అతను ఇక్కడికి వస్తాడు, పెళ్లి చేసుకుని ఇద్దరూ కలిసి ఒక బడి పెడతారు. బడి ఎక్కడ పెట్టాలో, కిటికీలు ఎటువైపు ఉండాలో అన్నీ గీసి పెట్టుకుంది. పడమటి వైపు కిటికీ పెడితే మా ఎండలో పిల్లలు వేగిపోతారని నేను చెబితే కొట్టేసి మళ్లీ గీసింది.

రెండోది మా ఊరి పలకల గని. మార్కాపురం రాతిని పలచగా చీల్చి, పలకలు చేసి, చెక్క చట్రాలు బిగించి దేశమంతా పంపేవాళ్లు. ఎక్కడెక్కడి పిల్లలో మా ఊరి రాయి మీద అక్షరాలు దిద్దేవాళ్లు. ఆ పలకలను ఇసుకా నీళ్లూ పోసి నున్నగా రుద్దే ఆడవాళ్లు మాత్రం వేలిముద్ర వేసేవాళ్లు. రుద్దీ రుద్దీ వేళ్ల గీతలు అరిగిపోయి ఆ ముద్రా సరిగ్గా పడేది కాదు. మేమంతా పుట్టినప్పటి నుంచీ దీన్ని చూస్తూ ఉన్నాం, వింత అనిపించలేదు. ఎక్కడో సముద్రాల అవతల నుంచి వచ్చిన మనిషికి వింతగా కనిపించింది.

గని యజమానిని అడిగితే ఆయన నవ్వాడు. "మడక చేసే వడ్లాయన సేద్యం చేస్తాడా అమ్మా? ఎవరి పని వాళ్లది" అన్నాడు. అయినా తెల్లతోలు అడిగింది కాబట్టి కాదనలేక, మధ్యాహ్నం అన్నం తినే వేళలో చెప్పుకోమన్నాడు. వారానికి మూడు రోజులు ఆమె, తోడుగా నేను, ఎర్రటెండలో గొడుగేసుకుని గనికి పోయేవాళ్లం. పద్దెనిమిది మంది ఆడవాళ్లు ఒక చేత్తో సంగటి ముద్ద, ఇంకో చేత్తో బలపం పట్టుకుని కూర్చునేవాళ్లు. వాళ్లలో అందరికంటే పెద్దామెను అందరూ పెద్దమ్మ అనేవాళ్లు. భర్త లేడు, నోరుంది. "ఈ వయసులో నాకు అక్షరాలు వచ్చి ఏం జేయాల మిస్సమ్మా? యముడికి అర్జీ రాయాల్నా?" అనేది. అంటూనే అందరికంటే ముందు కూర్చునేది.

ఇంతలో యుద్ధం వచ్చింది. మార్కాపురానికి వాన రావడమే కష్టం, యుద్ధం మాత్రం చెప్పిన రోజుకే వచ్చింది. మరునాడే సబిన్‌స్పెక్టరు ఇద్దరు కానిస్టేబుళ్లతో మా గదికి వచ్చాడు. కర్నూలు మనిషి, చెడ్డవాడు కాడు, కానీ పైవాళ్లంటే చచ్చేంత భయం. రేడియో ఉందా అని అడిగాడు. మా వీధిలో కరెంటే లేదు. మంచాల కింద వెతికాడు. ఆమె మౌతార్గాన్ దొరికింది. అటు ఊది, ఇటు ఊది, దేశానికి అపాయం లేదని తేల్చుకుని ఇచ్చేశాడు. బడిలో భూగోళం పాఠానికి తెచ్చుకున్న గ్లోబును మాత్రం పట్టుకుపోయాడు.

"అదెందుకయ్యా?" అన్నాను.

"దాని మీద జర్మనీ ఉండాది గదా" అన్నాడు.

ఇంగ్లండు కూడా ఉందని చెప్పబోయి ఊరుకున్నాను. ఉద్యోగం కొత్త.

ఆ రోజు నుంచీ మిస్సమ్మ ప్రతి సోమవారం స్టేషనుకు పోయి సంతకం పెట్టాలి. అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. దొనకొండలో ప్రార్థన కూటాలకు పోవాలన్నా అర్జీ పెట్టుకోవాలి. మా బడి పెద్దదొరసాని ఇంగ్లండు మనిషి. ఆ ఆదివారం గుడిలో శత్రువులను ప్రేమించాలన్న వాక్యం మీద కళ్లనీళ్లు వచ్చేలా మాట్లాడింది. సోమవారం నుంచి మిస్సమ్మ కుర్చీ భోజనాల బల్ల చివరికి జరిగింది. ప్రేమించడానికి ఎంత దూరం కావాలో అంత దూరం.

తర్వాత సబిన్‌స్పెక్టరు నన్ను పిలిపించాడు.

"మీ నాయన ఏం జేస్తాడు టీచరమ్మా?"

"కూలికి పోతాడయ్యా."

"మంచి ఉద్యోగం దొరికింది నీకు. పోగొట్టుకోవద్దు." కాసేపు బల్ల మీది కాగితాలు సర్దాడు. "ఆమె ఏం జేస్తాంది, ఎవరితో మాట్లాడతాంది, వారానికో కాగితం రాసియ్యి. ఆమెకు చెప్పొద్దు. ఇది రాజుగారికి చేసే సేవ."

ఆ రాజుగారు మా పల్లెకు ఏనాడూ ఏ సేవా చేయలేదు. అయినా నేను ఒప్పుకున్నాను. దేశభక్తీ కాదు, రాజభక్తీ కాదు, మా నాయన చూసుకునే ఆ కుర్చీ. నాలుగు వారాలు రాశాను. "సోమవారం సంతకం పెట్టి వచ్చినారు. మంగళవారం తలనొప్పి. బుధవారం గనిలో క గుణింతం. గురువారం బట్టలు ఉతుక్కున్నారు." ఇంతకంటే రాజద్రోహం ఆమె చేయలేదు, ఏం చేయను.

ఐదోవారం కాగితాన్ని నా బైబిల్లో పెట్టి మరిచిపోయాను. మా ఇద్దరికీ ఒకటే బల్ల. నేను క్లాసు నుంచి వచ్చేసరికి ఆమె దాన్ని చేతిలో పట్టుకుని మంచం మీద కూర్చుంది. ఆమె నింపాదిగా చదివింది.

"'తలనొప్పి'లో వత్తు సరిగా పడలేదు" అంది.

అని, కాగితం నా చేతికిచ్చి, గోడవైపు తిరిగి పడుకుంది. మూడురోజులు నాతో మాట్లాడలేదు. అన్నం తిన్నావా అని కూడా అడగలేదు. ఆ మూడురోజుల్లో తెలిసింది నాకు, కొట్టకుండా తిట్టకుండా మనిషిని ఎంత నలగ్గొట్టవచ్చో. నాలుగోరోజు నేనే పోయి ఆమె మంచం దగ్గర నేలమీద కూర్చుని ఏడ్చాను.

"ఇంక రాయను మిస్సమ్మా. ఉద్యోగం పోతే పోనీ."

నిజంగా ఆ మాట మీద నిలబడేదాన్నో లేదో ఇప్పటికీ తెలియదు. నిలబడే అవసరం ఆమె రానివ్వలేదు.

"రాయి" అంది. "నువ్వు మానుకుంటే ఇంకొకరు రాస్తారు. వాళ్లకు నా గురించి ఏం తెలుసు? కానీ చెల్లే, మా నాన్న చనిపోయిన రోజు కూడా నాకు ఇంత బాధ కలగలేదు. అది మాత్రం నువ్వు తెలుసుకో."

తెలుసుకున్నాను. తర్వాత ప్రతి కాగితం ఆమెకు చదివి వినిపించే పంపాను.

ఆ చలికాలంలో ఉత్తరాలు మొదలయ్యాయి. జర్మనీ నుంచి నేరుగా రావు. స్విట్జర్లాండులో ఎవరో స్నేహితురాలి చేతుల మీదుగా రెండు నెలలకొకటి వచ్చేది. మద్రాసులో సెన్సారు వాళ్ల కత్తెర పడ్డాక మిగిలింది మా స్టేషనుకు చేరేది. స్థానికంగా కూడా పరీక్షించి ఇవ్వాలని సబిన్‌స్పెక్టరుకు ఆజ్ఞ. ఆయనకు జర్మను రాదు. తాలూకా మొత్తంలో జర్మను వచ్చిన మనిషి ఒక్కరే. అందుకని శత్రువు ఉత్తరంలో ఏముందో శత్రువే చదివి తెలుగులో చెప్పాలి, గూఢచారినైన నేను రాయాలి, ఆయన దానికింద సంతకం పెట్టాలి. సామ్రాజ్యం ఇంత పకడ్బందీగా నడిచేది.

మొదటి ఉత్తరం భూగోళం పంతులుది. మిస్సమ్మ ముఖం ఎర్రబడిపోయింది. "నా ప్రియమైన చిన్ని ఎలుకా" అని మొదలుపెట్టింది.

సబిన్‌స్పెక్టరు చేయి ఎత్తి ఆపాడు. "ఎలుక అంటే ఎవరు? సంకేతమా?"

"నేనే సార్."

"మిమ్మల్నే? పెళ్లి చేసుకునే మనిషి మిమ్మల్ని ఎలుక అంటాడా?"

"మా దేశంలో ప్రేమగా అట్ల అంటారు."

ఆయన ఉత్తరాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అందుకేనమ్మా మీ దిక్కు యుద్ధాలొచ్చేది" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "ఎలుక అని రాయొద్దు టీచరమ్మా, పైనోళ్లు నన్ను అడుగుతారు. 'ప్రియమైన అమ్మాయికి' అని రాయి" అన్నాడు.

పంతులు ఏం రాశాడంటే, బడిలో పిల్లలు తగ్గిపోయారట, పెద్ద తరగతి వాళ్లను సైన్యంలోకి తీసుకుంటున్నారట, పటంలో దేశాల రంగులు వారానికొకసారి మారుతుంటే పాఠం ఎలా చెప్పాలో తెలియడం లేదట. తనను ఇంకా పిలవలేదట, పిలిచినా పంట కోతలకు యుద్ధం అయిపోతుందని అందరూ అంటున్నారట. చదువుతూ చదువుతూ ఆమె మధ్యలో ఆగిపోతే సబిన్‌స్పెక్టరే లేచి కుండలో నీళ్లు ముంచి ఇచ్చాడు. రెండో ఉత్తరం నాటికి ఆయనకు మా పంతులు మీద మా అంత బెంగ పట్టుకుంది. సోమవారం సంతకానికి పోతే, "ఇంకా రాలేదమ్మా, వస్తే నేనే కబురు పెడతా" అనేవాడు. మూడో ఉత్తరంలో సైన్యం నుంచి పిలుపు వచ్చిందని ఉంది. నాలుగోది రాలేదు.

ఆమె బడి బొమ్మ గీయడం మానేసింది. గనికి పోవడం మాత్రం మానలేదు. అప్పుడే గని యజమానికి దేశం మీద అమాంతం ప్రేమ పుట్టుకొచ్చింది. ఆడవాళ్లు అక్షరాలు చదవడం వరకు ఆయనకు వేడుకగానే ఉండింది. పలకల పెట్టెల మీద రాసిన ఊళ్ల పేర్లు చదివి, ఇదెక్కడుంది అదెక్కడుంది అని అడగడం మొదలుపెట్టాక నచ్చలేదు. స్టేషనుకు అర్జీ పెట్టాడు. జర్మను స్త్రీ మా కూలీలకు రహస్య సంజ్ఞలు నేర్పుతోంది, మిట్టమధ్యాహ్నం ఎండలో పలకలు ఎత్తి పట్టించి ఆకాశానికి మెరుపులు పంపిస్తోంది అని. మా ఆకాశంలో రాబందులు తప్ప ఏవీ ఎగిరేవి కావు.

అర్జీ వచ్చాక విచారణ జరపకుండా కుదరదు. సబిన్‌స్పెక్టరు గనికే వచ్చాడు. యజమాని కుర్చీ వేయించాడు. ఆడవాళ్లందరినీ వరుసగా నిలబెట్టారు.

"టీచరమ్మా, నువ్వు చూసినావు గదా. పలకలు ఎందుకు ఎత్తి పట్టుకుంటారు?"

యజమాని నన్నే చూస్తున్నాడు. ఆయన మా మిషనుకు ఏటా గింజలిచ్చే పెద్దమనిషి. కానీ ఆ మూడురోజులు గుర్తున్నాయి నాకు.

"రాసింది చూపించడానికయ్యా. బడిలో పిల్లలు ఎత్తి చూపించినట్లే. అందులో ఉండేవి అ, ఆలు."

"అంతా అబద్ధం!" యజమాని లేచాడు. "వీళ్లకు అక్షరాలు రావడమేంది?"

సబిన్‌స్పెక్టరు వరుసలో మొదట ఉన్న పెద్దమ్మకు పలక ఇప్పించాడు. "ఏదో ఒకటి రాయి."

"ఏం రాయాల నాయనా?"

"నీ ఇష్టం. నీకు ఏది తోస్తే అది."

పెద్దమ్మ చతికిలబడి కూర్చుని, నాలుక బయటపెట్టి, బలపం విరిగేంత గట్టిగా నొక్కి రాసింది. రాయడానికి మేము ప్రార్థన ముగించేంత సేపు పట్టింది. పలక ఎత్తి పట్టుకుంది. అందులో, 'తాగను నీల్లు లేవు' అని ఉంది.

సబిన్‌స్పెక్టరు గని చుట్టూ చూశాడు. పలకలు రుద్దడానికి తొట్టి నిండా బురద నీళ్లు ఉన్నాయి, మనుషులు తాగడానికి కుండ లేదు. ఆయన మీసం తుడుచుకున్నాడు.

"రహస్య సంజ్ఞే" అన్నాడు యజమానితో. "నీకు మాత్రం అర్థం గాలేదు ఇన్నాళ్లు."

మరునాడు రెండు కుండలు వచ్చాయి. 'ళ'కు బదులు 'ల' రాసిందని మిస్సమ్మ పెద్దమ్మతో ఆ మాటను పదిసార్లు రాయించింది. ఆ పూట ఆమె నవ్వడం చూశాను. గెలిచామనుకున్నాం. నేనైతే నా ధైర్యానికి నేనే మురిసిపోయి నాయనకు ఉత్తరం కూడా రాశాను.

పదిహేను రోజులకు మద్రాసు నుంచి ఆజ్ఞ వచ్చింది. పడమటి కొండల్లో ఎక్కడో జర్మన్ల కోసం పెట్టిన శిబిరానికి ఆమెను పంపించాలని. యజమాని అర్జీ వల్ల కాదు, దాన్ని సబిన్‌స్పెక్టరు కొట్టేశాడు. నేను రాసిన కాగితాల వల్లా కాదు, వాటిని ఎవరూ చదవనే లేదట. యజమాని అబద్ధమూ నా నిజమూ రెండూ ఒకే కట్టలో పడి ఉన్నాయి. జర్మను పాస్‌పోర్టు ఉన్నవాళ్లందరినీ పంపిస్తున్నారు, అంతే. సబిన్‌స్పెక్టరు ఆ కాగితం పట్టుకుని మా గుమ్మంలో నిలబడి, "నా చేతిలో లేదమ్మా" అని మూడుసార్లు అన్నాడు.

ప్రయాణం రోజు మధ్యాహ్నం బండి కట్టించుకుని రైలు స్టేషనుకు పోయాం. కాపలాకు వచ్చిన కానిస్టేబులే ఆమె పెట్టె మోశాడు. పెద్దదొరసాని రాలేదు, తలనొప్పి అని చీటీ పంపింది. గని ఆడవాళ్లకు సెలవు ఇవ్వలేదు. పెద్దమ్మ ఒక్కతే ఆ రోజు కూలి వదులుకుని నడిచి వచ్చింది. చీర కొంగులో వేయించిన శనగలు మూటగట్టి తెచ్చింది.

"యాడికి తీస్కపోతాండారు తల్లీ నిన్ను?" అని అడిగింది.

"నాకూ చెప్పలేదు పెద్దమ్మా."

"మరి ఎప్పుడొస్తావ్?"

"యుద్ధం అయిపోగానే. ఆయన కూడా వస్తాడు." తర్వాత నావైపు తిరిగింది. "ఒత్తులు మొదలుపెట్టు చెల్లే. వాళ్లకు విసుగొస్తే కథ చెప్పు. బలవంతం చేయొద్దు."

అలాగే అన్నాను. రైలు కదలబోతుంటే పెద్దమ్మ, ఆమెతో పోతున్న కానిస్టేబుల్ని పట్టుకుని తిట్టింది. అతను కిటికీలోంచి తలొంచుకుని విన్నాడు.

ఒత్తులు మొదలుపెట్టాను. కానీ నేను తెల్లదొరసానిని కాను, మా నాయన కూలివాడని యజమానికి తెలుసు. నెల తిరక్కుండా గని గేటు దగ్గరే ఆపేశారు. ఆదివారం ఆరాధన అయ్యాక బడి వసారాలో పెట్టుకుందామన్నాను. పద్దెనిమిది మందిలో తొమ్మిది మంది వచ్చారు, తర్వాత ఐదుగురు. వారంలో వాళ్లకున్న ఒక్క సెలవు అదే, తప్పు పట్టలేను. ఆ ఐదుగురూ మాత్రం చదవడం నేర్చుకున్నారు. ఎవరైనా నన్ను పొగిడితే ఆ పదముగ్గురి సంగతి చెప్పి నోరు మూయిస్తాను.

శిబిరం నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. నల్లసిరా పూసిన వరుసల మధ్య మిగిలినవి చదివితే, అక్కడ చలి అని, శిబిరంలోని పసిపిల్లలకు పాఠాలు చెబుతున్నానని ఉంది. యుద్ధం అయిపోయింది. ఆమె రాలేదు. ఓడలో వాళ్ల దేశానికే పంపించేశారు. ఆ తర్వాతి ఏడాది వాళ్ల ఊరి నుంచి తెలుగులో ఉత్తరం వచ్చింది. బడికి సగం పైకప్పు లేదట. కిటికీలకు అద్దాలు లేక అట్టలు కట్టారట. పిల్లలు రెండు పూటలుగా వస్తారట, చాలామందికి చెప్పులు లేవట. భూగోళం పంతులు సైన్యంతో మంచుదేశానికి పోయినవాడు తిరిగి రాలేదని ఒక్క వాక్యం రాసింది. దాని కింద ఏమీ రాయకుండా రెండు వరుసలు వదిలేసింది. ఆ పిల్లలను వదిలి రాలేనని, ఇంక రానని, చివర్లో ఉంది.

ఆ ఉత్తరాన్ని పెద్దమ్మ ఇంటికి తీసుకుపోయాను. నన్ను చదవనివ్వలేదు, తానే వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. మంచుదేశం దగ్గర ఆగి, "చచ్చిపోయినాడా?" అంది. అవునన్నాను. "అయ్యో, ఎలుక అనేటోడు" అంది. ఆ సంగతి స్టేషను దాటి ఊరంతా ఎప్పుడో పాకిపోయిందని నాకు అప్పుడే తెలిసింది. జవాబు కూడా తానే రాస్తానంది. ఒక పేజీకి రెండు పూటలు పట్టింది. గనిలో పని మానేశానని, చూపు తగ్గిందని, మనవరాలు బడికి పోతోందని, నువ్వు వేళకు తినమని రాసింది. కవరు మీద నేను ఇంగ్లీషులో చిరునామా రాస్తే, పంపేవాళ్ల పేరు తానే తెలుగులో రాసింది. పోస్టుమాస్టరు దేశం పేరు చూసి, ఈ తెలుగు చేతిరాత ఎవరిదని అడిగాడు. పెద్దమ్మ కిటికీలోంచి చేయి పెట్టి చూపించింది.

ఆ వేసవిలో నన్ను గిద్దలూరు బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా పంపించారు. పోయేముందు ఒక అధికారి నా వివరాలు రాసుకున్నాడు. ఏ ఏ భాషలు వచ్చు అని అడిగాడు. తెలుగు, ఇంగ్లీషు, జర్మను పది పన్నెండు మాటలు అన్నాను. ఆయన కలం ఆపి నా ముఖం వైపు చూసి, మొదటి రెండే రాసుకున్నాడు.